మృగంగారి వీపు

మా ఆయన ఇప్పటికి పదకొండుసార్లు చచ్చిపోయారు. పదకొండుసార్లూ నేను అక్కడే ఉన్నాను. పదిసార్లు తుపాకులతో కాల్చారు, ఒకసారి మాత్రం నిర్మాతకు హుషారెక్కి ఫిరంగి తెప్పించాడు. చచ్చిన ప్రతిసారీ ఆయన లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగారు.

కంగారు పడకండి, అది ఆయన ఉద్యోగం. సినిమాల్లో ఊరిమీద పడి గోడలు కూల్చే మృగం ఒకటుంటుంది కదా, రెండు కొమ్ములు, బారెడు తోక, ఒళ్ళంతా బొచ్చు. ఆ బొచ్చు లోపల ఉండేది మా ఆయన. ఆ బొచ్చు కుట్టింది నేను. స్టూడియోలో ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు. "మృగంగారు టీ తాగారా?" "మృగంగారికి ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పండి" అంటూ మహా మర్యాదగా పిలుస్తారు. ఇంట్లో మాత్రం బొద్దింక కనిపిస్తే మంచమెక్కే మనిషి.

వేషం బరువు ముప్పై రెండు కిలోలు. లోపల రబ్బరు, దానిమీద మూడు వరసల ఫోము, పైన బొచ్చు. మృగం కళ్ళు కొమ్ముల కింద ఉంటాయి. అవి గాజు గోళీలు, అలంకారానికే. మా ఆయన తల మృగం మెడ దగ్గరికే వస్తుంది. అక్కడ అరచెయ్యంత కంత పెట్టి నల్ల వలగుడ్డ కుట్టాను. మెడ ముందుకు వంగి ఉంటుంది కాబట్టి ఆ కంతలోంచి కనిపించేది నేల, మహా అయితే ఎదుటివాళ్ళ పాదాలు. పదకొండుమంది హీరోయిన్లతో నటించారు కానీ వాళ్ళ చెప్పులు తప్ప ఆయన ఇంకేమీ ఎరగరు. ఒకసారి బజారులో ఎవరో చక్కని అమ్మాయి "బాగున్నారా మృగంగారూ" అని పలకరిస్తే, ఈయన బిక్కమొహం వేసి, కిందికి చూసి, మడమ దగ్గర పుట్టుమచ్చ కనిపించాక, "అయ్యో మీరా అమ్మా, ఆరో సినిమా" అన్నారు. మాటలూ అరుపులూ అన్నీ తరువాత కలుపుతారు కాబట్టి, షాటు జరుగుతుండగా లోపల ఆయన ఏం సణుక్కున్నా ఎవరూ పట్టించుకోరు. ఎక్కువగా ఉక్కపోత గురించే సణుగుతారు.

ఈ సినిమాలకు కథ ఒక్కటే. మారిస్తే జనం ఊరుకోరు. మృగం వస్తుంది, ఊరు సగం పీకేస్తుంది, సైన్యం చేతులెత్తేస్తుంది. అప్పుడు హీరోయిన్ జుట్టు విరబోసుకుని, ఒంటరిగా దాని ఎదటికి నడిచి వస్తుంది. కళ్ళెత్తి చూస్తుంది. అంతే, అంత మృగమూ కరిగిపోతుంది. భుజాలు జారతాయి, తల ఒక పక్కకు వాలుతుంది, నోరు కొద్దిగా తెరుచుకుంటుంది. అలా మైమరిచి నిలబడ్డప్పుడు కాల్చేస్తారు. హాల్లో జనం ముక్కులు చీదుతారు. పత్రికల్లో పెద్దలు, అందం ముందు క్రౌర్యం తలవంచిందని పేజీలకు పేజీలు రాస్తారు. మా అత్తగారు మాత్రం ఆ పేజీలు ముట్టుకోరు. "ఆ పిల్ల అడ్డం రాకపోతే నా కొడుకు హాయిగా అడవిలోకి పోయేవాడు" అని హాలు దగ్గర్నుంచి ఇంటిదాకా హీరోయిన్‌ని తిడుతూ వస్తారు. ఆవిడది చాదస్తమని నేనూ మా ఆయనా నవ్వుకునేవాళ్ళం.

అసలు సంగతి నేను చెప్తాను. మృగాన్ని లొంగదీసింది అందం కాదు, చెక్క స్కేలు.

మొదటి సినిమాలో ఆ సీను తీసినరోజు పద్దెనిమిది టేకులయ్యాయి. "కరగండి మృగంగారూ, కాస్త కరగండి" అని అప్పటి డైరెక్టరు బతిమాలుతున్నాడు. ఈయన కరగటం లేదు, చెమటకు వీపు దురదపెట్టి లోపల గింజుకుంటున్నారు. ఆ వేషంలో చెయ్యి వీపు దాకా ఏమిటి, ముక్కుకే అందదు. "ఏమే, చచ్చిపోతున్నానే, ఏదో ఒకటి చెయ్యవే" అని మెడ కంతలోంచి మూలిగారు. నాకు జాలేసింది. ఉత్తుత్తి గడ్డిలో పాక్కుంటూ వెనక్కి వెళ్ళి, తోక మొదట్లో ఉన్న జిప్పు జానెడు తీసి, బట్టలు కొలిచే రెండడుగుల చెక్క స్కేలు లోపలికి దూర్చి, ఎడమ రెక్క ఎముక కింద నాలుగు వేళ్ళ దిగువన గోకాను.

భుజాలు జారిపోయాయి. తల వాలింది. నోరు తెరుచుకుంది. ఒక కాలు సన్నగా వణికింది. డైరెక్టరు కళ్ళు తుడుచుకుంటూ కట్ చెప్పి, "ఏం చూపమ్మా నీది" అని హీరోయిన్ కాళ్ళమీద పడినంత పని చేశాడు. ఆ అమ్మాయి కూడా నిజంగా తన చూపే అనుకుంది. నేను గడ్డిలోంచి లేచి, బట్టలు దులుపుకుని భోజనానికి వెళ్ళాను.

అప్పటినుంచీ అదే పద్ధతి. షూటింగు కాగితంలో ఆ సీను ఎదురుగా "టచప్" అని రాస్తారు. అంటే నేనూ నా స్కేలూ. కెమెరావాళ్ళకు తెలుసు, లైట్లవాళ్ళకు తెలుసు, బయటివాళ్ళకు తెలియదు. పదకొండు సినిమాలు గడ్డిలోనూ బురదలోనూ బోర్లా పడుకుని గోకాను, తుపాకులు పేలేముందు చెవులు మూసుకున్నాను. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. అందరికీ కనిపించే పని ఒకటి, కనిపించని పని ఒకటి ఉంటాయి, రెండోది నాకొచ్చింది అనుకున్నాను.

పన్నెండో సినిమా మొదలైన వారానికి ఒక పత్రిక అమ్మాయి మా ఆయనతో మాట్లాడటానికి కుట్టుగదికి వచ్చింది. ఆయన వేషం నడుందాకా దించుకుని స్టూలు మీద కూర్చున్నారు. నేను పక్కనే మృగం తొడకు పడిన చిరుగు కుడుతున్నాను.

"అంత సున్నితమైన భావం ఎలా పలికిస్తారు సార్?" అని అడిగింది ఆ అమ్మాయి.

ఆయన కాసేపు పైకప్పు వంక చూశారు. "హీరోయిన్ కళ్ళలోకి చూస్తానమ్మా. ఆ అందంలో నన్ను నేను మరిచిపోతాను. మిగతాది దానంతట అదే వస్తుంది," అన్నారు.

సూది నా వేలికి గుచ్చుకుంది. ఆయన తొడకే గుచ్చుకోవలసింది, కాస్తలో తప్పింది.

"కళ్ళా?" అన్నాను ఇంటికొచ్చాక.

"మరేం చెప్పమంటావే? మా ఆవిడ వీపు గోకుతుందని చెప్పనా? నవ్వరూ?"

"నవ్వితే నవ్వుతారు."

"మృగానికి ఒక పరువంటూ ఉంటుందే."

"ఓహో. మృగానికి పరువుంది, గోకేదానికి లేదు. రేపణ్ణుంచి ఆ కళ్ళనే గోకమనండి."

"ఏం గోకుడే అది?" అని పక్కగదిలోంచి మా అత్తగారు అడిగారు. ఆవిడకు ఆ రహస్యం తెలియదు.

నాకు కోపమే కాదు, కష్టం కూడా కలిగింది. ఆయన నా పేరు చెప్పాలని కాదు. కనీసం నేను పక్కనుండగా ఆ అబద్ధం అంత నున్నగా చెప్పకుండా ఉండాల్సింది. ఆరోజునుంచీ మా మధ్య మాటల్లేవు. "జిప్పు" అంటే జిప్పు వేశాను. "నీళ్ళు" అంటే నీళ్ళిచ్చాను. అంతకుమించి పెదవి కదపలేదు.

సరిగ్గా అప్పుడే కొత్త డైరెక్టరు బాంబు పేల్చాడు. ఈయన బాగా చదువుకున్నవాడు. నీడపట్టున కూడా టోపీ తియ్యడు. అందం మృగాన్ని లొంగదీయడం అంటే ఏమిటని అందరినీ కూర్చోబెట్టి గంటసేపు చెప్పాడు. మృగమంటే మన లోపలి చీకటట. అందమంటే ఆ చీకటికి చూపించే అద్దమట. లైట్లాయన ఒక కునుకు తీసి లేచాడు, అద్దం ఇంకా అయిపోలేదు.

చివర్లో అసలు మాట వచ్చింది. కరిగే సీనంతా ఒకే షాటు. గుండ్రంగా పట్టాలు వేసి, కెమెరాను ట్రాలీ మీద పెట్టి మృగం చుట్టూ మూడుసార్లు తిప్పుతారు. కింద గడ్డి లేదు, సిమెంటు నేల. వెనక ఈగ వాలినా కనిపిస్తుంది.

"గురువారం తీస్తాం," అన్నాడు. "గోడ నిజంగానే కూలుస్తాం కాబట్టి ఒక్కటే టేకు. కుదరకపోతే ఏం పరవాలేదు, మృగాన్ని కంప్యూటర్లో చేసేద్దాం. అది చేసే ఆయన్ని కూడా పిలిపించాను. నిజానికి ఇకమీదట అన్ని సినిమాలకూ అదే మేలు. ఆ మృగానికి చెమట పట్టదు."

మూలన కంప్యూటరాయన తన పెట్టెలతో కూర్చుని మర్యాదగా నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. ఆయనకు నలభై తొమ్మిదేళ్ళు. ఇరవై ఏళ్ళుగా సినిమాల్లో ఉన్నా ఆయన మొహం ఒక్కదాంట్లోనూ లేదు. ఇంకో పని రాదు. ఎక్కడికైనా వెళ్ళి పని అడిగితే, ఇన్నాళ్ళూ ఏం చేశారంటే, గోడలు కూల్చి తరువాత కరిగేవాణ్ణని చెప్పుకోవాలి. గురువారం ఆ షాటు పోతే ఆయన బతుకు వేషంతో పాటే బీరువాలోకి పోతుందని నాకు అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. ఆయనా అడగలేదు. ఇద్దరికీ పీకలదాకా పంతం.

సోమవారం రిహార్సల్లో హీరోయిన్ చూసింది, ఆయన కరిగారు. కాకపోతే కరిగింది ఆమె వైపు కాదు, మూలనున్న లైటు స్టాండు వైపు. కంతలోంచి చూస్తే కాళ్ళలో కాళ్ళు, ఏవి ఎవరివో ఏం తెలుస్తుంది. స్టాండు ముందు తల వాల్చి, దాని భుజం మీద చెయ్యి వేసి అయిదు నిమిషాలు నిలబడ్డారు. ఆ స్టాండును అంత ప్రేమగా ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు.

మంగళవారం హీరోయిన్ కాలికి చిన్న గంట కట్టారు. గంట వినబడిన వైపు తిరిగి కరగాలని ఒప్పందం. అదే సమయానికి టీ సైకిలు గంట కొట్టుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చింది. మృగం అటు తిరిగింది, చేతులు చాపుకుని సైకిలు వెనకాల వెళ్ళింది, తలుపుకు కొమ్ములు తగిలి వెల్లకిలా పడింది. టీ ఆయన సైకిలు వదిలేసి పారిపోయాడు, ఆ తరువాత రెండు రోజులు టీ లేదు.

మధ్యాహ్నం లైట్లాయన చెవిలో అసలు సంగతి ఊదితే కంప్యూటరాయనకే జాలేసి, వీపుకు పెట్టుకునే చిన్న మోటారు ఒకటి తెచ్చాడు. వేషం లోపల పెట్టి దూరంనుంచి బటన్ నొక్కితే అదే గోకుతుందని నాతో గుసగుసగా అన్నాడు. నొక్కాడు. మా ఆయనకు చక్కిలిగింత ఎక్కువ. మృగం కిచకిచమని నవ్వుతూ నేలమీద దొర్లింది, రెండు కుర్చీలు విరిచింది. అది నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక డైరెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మోటారులో బొచ్చు చిక్కుకుంది. దాన్ని విడదీసేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది, ఆ తోక కూడా సగం ఊడింది.

బుధవారం నేను తోక కుడుతుంటే హీరోయిన్ కుట్టుగదికి వచ్చింది. ఈ అమ్మాయికి ఇది మొదటి పెద్ద సినిమా. ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి బట్టల మూట మీద కూర్చుంది.

"అక్కా, నేను సరిగ్గా చూడటం లేదా?" అంది. "పొద్దుణ్ణుంచీ అద్దం ముందు అదే పని. జాలిగా చూశాను, ప్రేమగా చూశాను, ధైర్యంగా చూశాను. కళ్ళు మంటపుట్టాయి. ఆయన ఆగరేం?"

ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. స్కేలు తీసి చేతిలో పెట్టాను. ఆ అమ్మాయి కాటుక కారేదాకా నవ్వింది.

"మరి ఇంతకుముందు హీరోయిన్లందరూ?"

"వాళ్ళూ చూశారమ్మా. చూడటానికేం, బాగానే చూశారు."

కాసేపటికి నవ్వు ఆపి స్కేలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. "అక్కా, నాకు ముందునుంచీ ఒకటి అర్థం కాదు," అంది. "అది ఇళ్ళు కూలుస్తున్నప్పుడు కాల్చలేకపోయారు. పరిగెడుతున్నప్పుడు కాల్చలేకపోయారు. నేనొచ్చి చూస్తే ఆగింది, ఆగింది కాబట్టి కాల్చారు. దీన్ని అందం గెలిచిందంటారేమిటి? నన్ను ఎర వేశారు, అంతే కదా. వానపాము కూడా చేపకు అందంగానే ఉంటుంది."

నా చేతిలో సూది ఆగిపోయింది. ఈ లెక్కన ఎర హీరోయిన్ల చూపు కాదు, నా స్కేలు. నేను గోకితే ఆయన ఆగారు. ఆగినందుకు కాల్చారు. పదకొండుసార్లూ నా మొగుణ్ణి నేనే పట్టి ఇచ్చాను. ఉత్తుత్తి తుపాకులని తెలుసు, లేచి మంచినీళ్ళు అడుగుతారని తెలుసు. అయినా ఆ స్కేలు వంక చూడబుద్ధి కాలేదు. మా అత్తగారు హాలు దగ్గర్నుంచి ఇంటిదాకా తిట్టింది ఇన్నాళ్ళూ నన్నేనన్నమాట.

"స్కేలు కెమెరాకు కనబడుతుంది. చెయ్యి కనబడినా తప్పు లేదు కదక్కా," అంది ఆ అమ్మాయి. "నేను దాన్ని కౌగిలించుకుంటాను. వీపు దగ్గర బొచ్చులో చెయ్యి పట్టేంత చీలిక పెట్టు. నేనే గోకుతాను. గోళ్ళు బాగానే ఉన్నాయి నాకు."

మొగుడి వీపు ఇంకొకరికి అప్పజెప్పడం ఏమంత సంతోషమైన పని కాదు. కానీ గురువారం మర్నాడే. వేషం బోర్లా వేసి, బొచ్చు కింద చీలిక పెట్టి, లోపల సుద్దతో గుర్తు గీశాను. "ఎడమ రెక్క కింద నాలుగు వేళ్ళు. నిలువునా కాదు, గుండ్రంగా. ముందు మెల్లగా, మూడు అంకెలు లెక్కపెట్టాక గట్టిగా," అని చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా డైలాగు కాగితం వెనక రాసుకుంది. ఇన్నేళ్ళుగా నాకు చేతివేళ్ళతో తెలిసిన సంగతి మూడు వాక్యాల్లో అయిపోయింది.

ఇక చెయ్యవలసిందల్లా ఆ ముక్క మా ఆయనతో అనడం. మాటల్లేవు కదా, అనలేదు. తప్పు నాదే.

గురువారం పొద్దున్న హాలు నిండా జనం. గుండ్రంగా పట్టాలు, మధ్యలో సిమెంటు నేల, వెనక కూలడానికి సిద్ధంగా గోడ. ఒక పక్క తుపాకులతో ఇరవైమంది సైనికులు. వాళ్ళ ప్యాంట్లన్నీ నేను కుట్టినవే. మూలన కంప్యూటరాయన పెట్టె మూత తెరిచి ఉంచుకున్నాడు. నేను మా ఆయనకు జిప్పు వేస్తుంటే లోపల్నుంచి మెల్లగా పిలిచారు.

"ఏమే. దురద మొదలైందే."

"కళ్ళలోకి చూడండి," అన్నాను.

అన్న క్షణంలోనే పశ్చాత్తాపం పుట్టింది. అప్పటికే ఆయన్ని మధ్యలోకి నడిపించుకుపోయారు.

గోడ కూలింది. దుమ్ములోంచి మృగం వచ్చింది. ట్రాలీ కదిలింది. హీరోయిన్ జుట్టు విరబోసుకుని నడిచి వచ్చి కళ్ళెత్తి చూసింది. మంచి చూపే. తరువాత రెండు చేతులూ చాపి మృగాన్ని కౌగిలించుకుంది. చెయ్యి బొచ్చులోకి జారింది. నేను మనసులో ఒకటి, రెండు, మూడు అనుకున్నాను.

మృగం కరగలేదు. నిలువునా కొయ్యబారింది.

"ఎవరది?" అంది మృగం.

హాలంతా వినబడింది. "నేనేనండీ, హీరోయిన్‌ని," అని గుసగుసలాడింది ఆ అమ్మాయి.

"మీరెందుకమ్మా? మా ఆవిడేది?"

విడిపించుకుని వెనక్కి తిరిగారు. తోక తగిలి ఒక సైనికుడు కూలబడ్డాడు. చేతులు చాపుకుని గుడ్డిగా అటూ ఇటూ వెతుకుతున్నారు. "ఏమే, ఎక్కడున్నావే? వెళ్ళిపోయావా? అంత కోపమా? తప్పయిందని చెప్పి గోకించుకుందామనుకున్నానే, నోరు రాలేదు. ఏమే." ఇంత పెద్ద కొమ్ముల మృగం ఇటుకల్లో తడబడుతూ అలా పిలుస్తుంటే ఇరవైమంది సైనికులూ నోరెళ్ళబెట్టారు. డైరెక్టరు చెయ్యి పైకి లేస్తోంది. ఆ చెయ్యి లేచి కట్ అన్న మాట పడితే ఆయన పని అయిపోయినట్టే.

మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు, ఒంటినిండా దారప్పోగులు. అలాగే పట్టాలు దాటి మధ్యలోకి నడిచాను. షాటు నడుస్తుండగా అలా వెళ్ళకూడదు, ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ వెళ్ళలేదు. సూదులు తీసి చేత్తో పట్టుకుని, "ఇక్కడే ఉన్నాను. అరవకండి," అన్నాను.

నేను ఆయన్ని ముట్టుకోలేదు. స్కేలు కుట్టుగదిలో ఉంది. అయినా భుజాలు జారిపోయాయి. తల నా గొంతు వచ్చిన వైపు వాలింది. నోరు తెరుచుకుంది. పదకొండు సినిమాల్లో ఎప్పుడూ లేనిది, మోకాళ్ళు మడిచి నెమ్మదిగా నా ముందు కూర్చున్నారు. నేను అందగత్తెను కాను, నన్ను చూసి వీధిలో రిక్షా కూడా ఆగదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

డైరెక్టరు ఎత్తిన చెయ్యి దించలేదు. అది కట్‌కు ఎత్తిన చెయ్యి అనుకున్నాను, కాదు, కెమెరా ఆపొద్దని. మృగం ఆగగానే కాల్పులని కాగితంలో ఉంది కదా, ఇరవై తుపాకులూ లేచాయి. ఇంతకాలం వెనక గడ్డిలో చెవులు మూసుకున్నదాన్ని, మొదటిసారి వాటిని ముందునుంచి చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. మృగానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను.

"దించండి. ఆగమన్నారు, ఆగారు. ఆగిన మనిషిని కాలుస్తారా? సిగ్గుండాలి."

ముందు వరసలో లావుపాటి సైనికుడు ఇబ్బందిగా కదిలాడు. "సీను అదే కదక్కా," అన్నాడు.

"నీ ప్యాంటు నడుం రెండుసార్లు వదులు చేసిందెవరు?"

తుపాకి దించాడు. పక్కవాడూ దించాడు. ఒక్కొక్కళ్ళూ తమ ప్యాంట్ల సంగతి గుర్తొచ్చినట్టు దించేశారు. హీరోయిన్ వచ్చి నా పక్కన చేతులు చాపి నిలబడింది. ఆ అమ్మాయి సైనికుల వంక చూసిన చూపు ఏ అద్దంలోనూ దొరికేది కాదు. ట్రాలీ మా ముగ్గురి చుట్టూ తిరుగుతూనే ఉంది.

"ఏమే," అన్నారు మా ఆయన కిందనుంచి. "కాల్పులు వినబడలేదేం?"

"కాల్చరు."

తల కొంచెం ఎత్తారు. "మరి ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

పదకొండుసార్లూ ఆయన కథ ఇక్కడే ముగిసింది. లొంగిన మృగం ఆ తరువాత ఏం చేస్తుందో ఏ డైరెక్టరూ రాయలేదు. గంటసేపు అద్దం గురించి చెప్పిన ఈ డైరెక్టరూ చెప్పలేదు. పడిపోవడం తప్ప ఆయనకు ఎవరూ ఇంకేమీ నేర్పలేదు.

"లేవండి. ఇంటికి పోదాం," అన్నాను.

"ఇలాగేనా?"

"ఇలాగే."

మృగం లేచి పంజా చాపింది. నా చేతికి రెండు గోళ్ళే అందాయి, వాటినే పట్టుకుని నడిపించాను. సైనికులు పక్కకు తప్పుకుని దారిచ్చారు. డైరెక్టరు ఆపొద్దు ఆపొద్దని ట్రాలీవాళ్ళకు టోపీతో సైగ చేస్తున్నాడట. ఆ షాటును ఒక్క ముక్క కూడా కత్తిరించకుండా సినిమాలో ఉంచేశారు. కంప్యూటరాయన ఆ సాయంత్రమే పెట్టెలు సర్దుకుని, మా ఆయనకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. పదమూడో సినిమాకు కొత్త బొచ్చు కూడా ఆర్డరిచ్చారు. ఇవన్నీ తరువాతి సంగతులు. ఆ నిమిషాన నాకు ఇవేమీ తెలియవు. చేజేతులా షాటు చెడగొట్టాననీ, ఆయన ఉద్యోగం పోయిందనీ అనుకుంటూనే నడుస్తున్నాను.

గుమ్మం దగ్గర ఆయన ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

"షాటు పోయింది కదే?"

"పోతే పోయింది," అన్నాను. "మీరున్నారు."